మడమ కింద మూడు బొడిపెలు

మూడు వారాల కట్టుకు ఒక వాసన, ఆరు వారాల కట్టుకు ఇంకో వాసన. ఎండాకాలపు కట్టు పులిసిన పిండిలా కొడుతుంది, వానాకాలపు కట్టు తడిసిన గోనెసంచిలా. ఎముకల ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లుగా సిమెంటు కట్లు కడుతూ, కోస్తూ బతుకుతున్న కట్ల మాస్టారికి ఈ వాసనలన్నీ విడివిడిగా తెలుసు. కళ్లు మూసుకుని ముక్కు దగ్గర పెట్టినా అది ఎన్ని వారాల కట్టో చెప్పేయగలడు. విద్యే అది, కాదనడానికి లేదు. కానీ నలుగురిలో ఎప్పుడూ చెప్పుకోలేదు. చెప్పుకుంటే ఆ వాసనలన్నీ మళ్లీ గుర్తొస్తాయి.

పొద్దున్నే స్నానం, దేవుడి ముందు పది నిమిషాలు, సాయంత్రం ఇంటికి రాగానే మళ్లీ స్నానం. ఆసుపత్రిలో మంచినీళ్లు తప్ప ఏదీ నోట పెట్టడు. "ఆ సబ్బుకి కాళ్లుంటే మిమ్మల్ని చూసి గోడ దూకేది" అనేది భార్య. ఆమెకేం తెలుసు! గాలి తగలకుండా నెల రోజులున్న మనిషి చర్మం ఎలా ఉంటుందో ఆమె చూసిందా? పచ్చగా, జిడ్డుగా, పెచ్చులు పెచ్చులుగా చేతికి అంటుకుని వస్తుంది. దాని వెంట జనం లోపల దూర్చినవన్నీ వస్తాయి. దువ్వెన పళ్లు, పెన్సిలు ముక్కలు, అగ్గిపుల్లలు, బిస్కెట్టు పొడి. ఓసారి ఒక పెద్దమనిషి చేతికట్టు కోస్తే చీమలు బారుగా బయటికి నడిచాయి. ఆ రాత్రి మాస్టారు అన్నం ముట్టలేదు.

దేహం దేవుడి ఇల్లు అంటారు పెద్దలు. పెద్దలన్నారు కాబట్టి నిజమే అయ్యుంటుంది. కానీ తన ఇంట్లో దేవుడు ఇంత కుళ్లు ఎందుకు పెట్టుకున్నాడన్నది మాత్రం ఆయనకు ఇన్నేళ్లలోనూ అంతుపట్టలేదు. ఎముకను చూడండి. తెల్లగా, గట్టిగా, తన పనేదో తాను చేసుకుపోతుంది. విరిగినా ఎవరూ చెప్పకుండానే మళ్లీ అతుక్కుంటుంది. ఎముకంటే ఆయనకు గౌరవం. దాని చుట్టూ ఉన్నదంటేనే వెగటు. ఆ వెగటు మొహం మీద కనిపిస్తూనే ఉండేది. పెదవులు బిగిసి, ముక్కుపుటాలు ముడుచుకుని, ఎవరి కాలు ముందుకొచ్చినా ఆయన చూపు గోడమీదికి పోయేది. అది తన శుభ్రతకు గుర్తు అనుకునేవాడు తప్ప, దాచుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు.

ఆ సోమవారం పదకొండింటికి కుట్టుపని చేసే ఆమె వచ్చింది. నాలుగు వారాల కిందట మెట్ల మీద కాలు మడతపడి ఆమె కుడి చీలమండ ఎముక విరిగింది. మోకాలి కింద నుంచి వేళ్ల దాకా కట్టు కట్టింది మాస్టారే. కుట్టు మిషను తొక్కే పాదం అది. ఆ పాదం ఆడితేనే ఆమె ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. చంకల కింద రెండు కర్రలు, వెనకాల ఆడపడుచు. ఆ ఆడపడుచు నోరు గొళ్లెం లేని తలుపు.

వాళ్లిద్దరూ గడప దాటకముందే వాసన దాటింది.

మాస్టారు చేతిలోని పట్టీ చుట్టను కింద పెట్టేశాడు. ఇది మూడు వారాలది కాదు, ఆరు వారాలదీ కాదు. బీరువా వెనక ఎలుక చచ్చి నాలుగు రోజులైతే వచ్చే తియ్యటి కంపు. గొంతులోకి దిగి అక్కడే కూర్చుంది.

"అక్కడ, ఆ బల్ల మీద కూర్చో అమ్మా. ఇటు రాకు" అన్నాడు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"నేను మొత్తుకుంటూనే ఉన్నానండీ" అని అందుకుంది ఆడపడుచు. "ఇంట్లో ఏదో చచ్చింది వదినా అని మూడు రోజులు బీరువాలన్నీ జరిపించాను. మా అన్నయ్య మంచం కింద దూరి టార్చిలైటు వేసి మరీ వెతికాడు. తీరా చూస్తే ఆ చచ్చిందేదో మంచం పైనే పడుకునుంది!"

"నువ్వు కాసేపు ఊరుకుంటావా?" అంది కుట్టుపని ఆమె. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఒళ్లు కాలుతున్నట్టే ఉంది.

"లోపల ఏం దూర్చావు?" అన్నాడు మాస్టారు.

"ఏమీ లేదండి."

"ఏమీ లేకుండా ఇంత కంపు రాదు. నిజం చెప్పు."

"స్కేలండీ" అంది ఆడపడుచు. "చెప్పెయ్ వదినా, డాక్టర్ల దగ్గర దాపరికమేంటి? చెక్క స్కేలు. దురద పుట్టినప్పుడల్లా కాలికి జాకెట్టు కుడుతున్నట్టు కొలతలు తీసేది."

"పిక్క దగ్గర రెండుసార్లు గోక్కున్నాను. అంతే. మడమ దాకా అది వెళ్తుందా అసలు?"

"అదీ సంగతి!" మాస్టారికి కోపంతో పాటు కొంచెం హాయిగా కూడా అనిపించింది. తప్పు ఎక్కడుందో తెలిసినప్పుడు ఉండే హాయి. "ఎన్నిసార్లు చెప్పినా నీ చెవికెక్కదు. కాలు నీది, కంపు మాకు."

ఆమె తలెత్తి చూసింది. "అయిదో రోజున వచ్చానండి మీ దగ్గరికి. మడమ మండిపోతోంది, నిద్ర లేదు అని చెప్పాను. ఎముక అతుక్కునేటప్పుడు అలాగే ఉంటుంది, ఓర్చుకో అని గుమ్మంలోంచే పంపేశారు."

ఆయనకు లీలగా గుర్తొచ్చింది. ఆ రోజు వరసలో ఇరవై మంది ఉన్నారు. "మరి తర్వాత తగ్గిందా లేదా?"

"పదో రోజుకి తగ్గిపోయింది."

"చూశావా మరి!" అన్నాడు కానీ ఆ మాట పూర్తిగా నోట్లోంచి రాలేదు. ఎముక నొప్పి తగ్గితే మెల్లమెల్లగా తగ్గుతుంది. మండి మండి ఒక్కసారిగా ఆగిపోయేది చర్మం. లోపల అది చచ్చిపోతే ఇంక మండడానికి ఏమీ మిగలదు. ఈ సంగతి ఆయనకు తెలిసినంత బాగా ఆ ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు.

కోత మిషను ఆన్ చేశాడు. తెల్లటి పొడి లేచింది. అటొక గీత, ఇటొక గీత కోసి, పటకారుతో విడదీస్తే కట్టు గుల్లలా రెండుగా తెరుచుకుంది. వాసన గదిని ముంచెత్తింది. ఆడపడుచు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వరండాలోకి పరుగెత్తింది.

దూది పైన తెల్లగానే ఉంది. కిందికి వచ్చేకొద్దీ గోధుమరంగు, ఆ తర్వాత ఆకుపచ్చ. మడమ దగ్గర తడిసి ముద్దయి చర్మానికి అతుక్కుపోయింది. నీళ్లు పోసి లాగితే ముద్దతో పాటు ఏదో జారి పళ్లెంలో పడింది. మడమ మీద కోటు గుండీ అంత నల్లటి బిళ్ల, దాని అంచుల చుట్టూ చిక్కటి చీము. మాస్టారు మొహం అటు తిప్పుకున్నాడు.

పుల్లలా చిక్కిపోయిన పిక్కనీ, పొలుసులు కట్టిన పాదాన్నీ కుట్టుపని ఆమె చాలాసేపు చూసింది. "ఇది నా కాలేనా" అంది తనలో తాను. తర్వాత ఆయన మొహం వైపు చూసింది. చూసి, పక్కనున్న గుడ్డ తీసి పాదం మీద కప్పుకుంది. ఎవరో గదిలోకి వస్తే బట్టలు సర్దుకున్నట్టు.

డాక్టరు వచ్చాడు. వయసులో మాస్టారికి కొడుకంత ఉంటాడు. గుడ్డ తీసి, వంగి, సన్నటి కడ్డీతో పుండు లోతు చూశాడు. ఆమె బల్ల అంచు పట్టుకుని పళ్లు బిగించింది.

"ఎముక ఇంకా తగల్లేదు. అదృష్టం. ఇంకో వారం ఆలస్యమై ఉంటే మడమ ఎముకకే చీము పట్టేది. అప్పుడు కాలు నిలబెట్టడం మా చేతుల్లో ఉండేది కాదు." మాస్టారి వైపు తిరిగాడు. "ఏం దూర్చుకుందట?"

"స్కేలటండి" అన్నాడు మాస్టారు.

డాక్టరు కాగితం మీద రాసుకున్నాడు. "కడిగి మందు పెడతాను. ఎముక ఇంకా పూర్తిగా అతకలేదు కాబట్టి మళ్లీ కట్టు తప్పదు. మడమ దగ్గర కిటికీలా ఖాళీ వదిలి కట్టండి, రోజూ పుండు చూసుకోవాలి. మీ చేతి కట్టయితే నాకు బెంగ లేదు." మందులు తేవడానికి పక్కగదిలోకి వెళ్లాడు.

పాత కట్టు పారేద్దామని మాస్టారు మడమ వైపు ముక్కను రెండు వేళ్లతో ఎత్తాడు. లోపల ఏదో మెరిసింది. స్కేలు ముక్క విరిగి ఉండిపోయిందేమో అనుకున్నాడు. అలా అనుకోవడమే బాగుంది. దూది పీకి చూశాడు. స్కేలు లేదు, పుల్ల లేదు. సిమెంటే లోపలికి పొడుచుకొచ్చి ఉంది. మూడు బొడిపెలు. ఒకదాని పక్కన ఒకటి. మధ్యది పెద్దది, దాని మీదే నల్లటి మరక.

కట్టు కట్టేటప్పుడు తడి సిమెంటు మెత్తగా ఉంటుంది. మడమను అరచేతిలో గిన్నెలో పెట్టుకున్నట్టు పట్టుకోవాలి. వేలి కొసలతో పట్టుకుంటే పైన గుంటలు పడతాయి. పైన గుంటపడితే లోపల బొడిపె లేస్తుంది. గంటలో అది రాయవుతుంది. ఆ రాయి మీద మడమ రాత్రింబవళ్లు ఆనుకుని ఉంటుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లకు ఆయన మొదటి రోజున చెప్పే మొదటి పాఠం ఇదే.

ముక్కను తిరగేశాడు. పైన చివరి పొర నున్నగా రుద్ది ఉంది, కంటికి ఏమీ కనబడదు. వేళ్లు పెట్టి తడిమాడు. చూపుడు వేలు ఒక పల్లంలో దిగింది. మధ్యవేలు ఇంకోదాంట్లో. ఉంగరపు వేలు మూడోదాంట్లో. కొలతకు కుట్టిన చొక్కాలా అతికినట్టు సరిపోయాయి.

ఆయన కుడి బొటనవేలి మొదట్లో కీలు ఏడాదిగా బాగాలేదు. సీసా మూత తిప్పితే మేకు దిగినట్టుండేది. అరచెయ్యి పూర్తిగా తెరవలేకపోయేవాడు. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు తన చేతికి తానే ఎక్స్‌రే తీసి చూసుకున్నాడు కూడా. రెండు ఎముకల మధ్య ఉండాల్సిన సందు లేదు. పాత తలుపు బందులా అరిగి ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. ఆ ఫిల్మును ఇంట్లో దేవుడి పటం వెనక పెట్టాడు. దేవుడికి తెలిస్తే చాలు, ఆసుపత్రికి తెలియక్కర్లేదు అనుకున్నాడు. అప్పటినుంచి నొప్పి తెలియకుండా బొటనవేలిని లోపలికి ముడుచుకుని మడమల్ని మూడు వేళ్ల కొసల మీద నిలబెట్టడం అలవాటైంది. ఆ అలవాటు ఆయనకు తెలుసా తెలియదా అంటే, తెలుసుకోవాలని చూడలేదు అనడం న్యాయం.

చెత్తడబ్బా మూత తెరిచే ఉంది. స్కేలని కాగితం మీద ఎక్కేసింది. ఆడపడుచు సాక్ష్యం ఎలాగూ ఉంది. ఆయన ముక్కను డబ్బాలో వేశాడు. పైన నాలుగు చీము దూదులు పడేశాడు. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడిగాడు.

డాక్టరు వచ్చి పుండు కడిగాడు. నల్లటి బిళ్లను కొంచెం కొంచెంగా కత్తిరించి తీసి, మందు గుడ్డ పెట్టాడు. మాస్టారు పట్టీని నీళ్లలో ముంచాడు. బుడగలు ఆగేదాకా చూసి, పిండి, పిక్క నుంచి చుట్టుకుంటూ వచ్చాడు. చీలమండ దగ్గరికి వచ్చేసరికి పాదాన్ని పట్టుకోవాలి. ఎడం చెయ్యి చుడుతోంది. కుడి చెయ్యి దానంతట అది కిందికి పోయింది. బొటనవేలు ముడుచుకుంది. మూడు వేళ్లు మడమ కింద చేరాయి.

ఆమె కాలు చటుక్కున వెనక్కి లాక్కుంది.

"ఇలాగే పట్టుకున్నారు ఆ రోజు కూడా" అంది. "గుచ్చుకుంటోందండీ అని చెప్పాను. మీరు గోడకేసి చూస్తున్నారు. నేను కాలు సరిగ్గా కడుక్కుని రాలేదని మీకు అసహ్యంగా ఉందేమో అని ఊరుకున్నాను. మెట్ల మీద పడ్డదాన్ని, ఎక్కడ కడుక్కుంటానండీ?"

మాస్టారి చేతిలోంచి సిమెంటు నీళ్లు బొట్లు బొట్లుగా బల్ల మీద పడుతున్నాయి. తన చేతికేసి చూసుకున్నాడు. రోజుకు ఇన్నిసార్లు కడిగే చెయ్యి. గోళ్ల సందుల్లో కూడా మురికి లేని చెయ్యి. లోకంలో ఇంతకంటే రోత పుట్టించేది ఇంకేదీ ఉండదనిపించింది.

చెత్తడబ్బా దగ్గరికి వెళ్లి, ఒట్టి చెయ్యి లోపల పెట్టాడు. చీము దూది వేళ్లకు చుట్టుకుంది. వెచ్చగా ఉంది. దాని కిందనుంచి కట్టుముక్కను బయటికి లాగి, తెచ్చి డాక్టరు ముందు పెట్టాడు.

"స్కేలు కాదండి" అన్నాడు. "ఇవి నా వేళ్లు."

డాక్టరు ఆ మూడు బొడిపెల్ని చూశాడు, తర్వాత ఆయన్ని. "చెయ్యి ఇలా ఇవ్వండి." బొటనవేలి మొదట్లో నొక్కాడు. మాస్టారు కెవ్వుమన్నాడు. వరండాలోంచి ఆడపడుచు తొంగిచూసింది.

"ఎన్నాళ్లుగా?"

"ఏడాదండి."

"ఏడాది!" డాక్టరు గొంతు పెంచలేదు. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది. "ఇప్పుడు మీరు కట్టిన కాలికట్లు ఎంతమందికి ఉన్నాయి?"

"చూడాలండి. పదీ పదిహేను మధ్య."

"వాళ్లందరినీ అడగండి. ఇప్పుడే, ఇక్కడి నుంచే. ఎవరికి అనుమానం ఉన్నా ఇవాళే కోసి చూడాలి. ఇంకనుంచి మీరు కట్టు కట్టొద్దు." కాగితం మీద స్కేలు అన్న మాట కొట్టేసి, చొక్కా చేతులు మడుచుకుని, ఆమె కట్టు తానే పూర్తి చేశాడు. అలవాటు లేని పని. సగం సిమెంటు ఆయన బూట్ల మీదే పడింది. ఆమె కదలకుండా కూర్చుంది.

డాక్టరు వార్డులోకి వెళ్లాడు. మాస్టారు చేతులు కడుక్కుని, కట్ల రిజిస్టరు తెరిచి, పద్నాలుగు పేర్లకు గుర్తు పెట్టాడు. ఫోను తీసుకున్నాడు.

"ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాను. కట్ల మాస్టారిని. కాలు ఎలా ఉంది?"

"బాగుందండీ."

"ఏం ఇబ్బంది లేదు కదా?"

"లేదండీ, లేదండీ."

రెండో పేరు. బాగుందండీ. మూడో పేరు బస్సు డ్రైవరు. "బ్రహ్మాండంగా ఉందండీ" అని ఆయన ఇంకా గట్టిగా చెప్పాడు. నాలుగో పేరు కూడా బాగుంది. మాస్టారు ఒక్కో పేరు పక్కన టిక్కు పెడుతుంటే గుండె కాస్త తేలికవుతోంది. దేవుడు ఒక్కదాంతోనే ఆపాడు అనుకున్నాడు. అనుకుని, ఆ ఒక్కటీ ఎదురుగా కూర్చుని ఉందని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

కట్టు ఆరేదాకా కదలకూడదు కాబట్టి కుట్టుపని ఆమె బల్ల మీదే ఉంది. ఇదంతా వింటోంది.

"అందరూ బాగున్నారా?" అంది.

"బాగున్నామంటున్నారు."

"నేనూ అలాగే అనేదాన్ని. మీరు అడిగి ఉంటే." రిజిస్టరులోని టిక్కుల కేసి చూసింది. "మీరు అడుగుతుంటే ముక్కు మూసుకుని అడుగుతున్నట్టే ఉందండీ. ఫోనులో కూడా మీ మొహం కనిపిస్తోంది. ఆ మొహానికి ఎవరైనా బాగుందనే చెప్తారు. కంపు కొడుతోందని మీకు చెప్పుకునే ధైర్యం ఎవరికుంది?"

ఇన్నేళ్లూ మాస్టారు తన శుభ్రత తనకు రక్ష అనుకున్నాడు. అది ఎదుటివాళ్ల నోటికి కట్టు వేస్తోందని ఆయనకు ఎవరు చెప్తారు, ఎలా చెప్తారు?

"ఇలా ఇవ్వండి ఫోను" అంది ఆమె. ఆయన చాచితే అందుకోలేదు. "బల్ల మీద పెట్టండి."

పెట్టాడు. ఆమె కొత్త దూది ముక్క తీసుకుని, ఫోనును అటూ ఇటూ బాగా తుడిచింది. తుడిచిన దూదిని పళ్లెంలో పడేసింది.

"మొదటినుంచీ చెప్పండి నంబర్లు."

మొదటి ఇద్దరితో కాసేపు మాట్లాడింది. వాళ్లు నిజంగానే బాగున్నారు. మూడో నంబరు కలిసింది.

"అన్నా, ఆసుపత్రి నుంచే. కాదు కాదు, ఆయన కాదు. నేనూ కట్టు కట్టించుకున్నదాన్నే... కుడికాలు. నీదీ కుడేనా? సరే, ఒక మాట అడుగుతాను, సిగ్గుపడకు. మొదట్లో మడమ మండిందా?... ఊఁ... మరి ఆ మంట ఉన్నట్టుండి ఆగిపోయిందా?... వాసన?... అయ్యో, నీదేం చూశావు, నా దెబ్బకి మా ఇంట్లో బీరువాలన్నీ రోడ్డున పడ్డాయి!... ఏంటీ? ఎన్ని రోజులుగా?" ఆమె చాలాసేపు విన్నది. వింటుండగానే మొహంలో నవ్వు ఆరిపోయింది. "లేదన్నా, నీ తప్పేమీ లేదు. నువ్వేమీ దూర్చలేదని నాకు తెలుసు. ఆటో ఎక్కి వచ్చెయ్. అన్నం తర్వాత తినొచ్చు."

గుమ్మంలోంచి ఆడపడుచు లోపలికి వచ్చి వదిన పక్కన నిలబడింది.

"ఆయన పెళ్లాం వారం నుంచి పక్కగదిలో పడుకుంటోందట" అంది కుట్టుపని ఆమె. "కోత మిషను దగ్గర పెట్టుకోమనండి డాక్టరుగారిని."

మాస్టారు మూడో పేరు పక్కన పెట్టిన టిక్కును కొట్టేశాడు. కలం పట్టుకున్న బొటనవేలు సలుపుతోంది. "నేను ఆయన్ని బ్రహ్మాండం అని రాసుకున్నాను" అన్నాడు మెల్లగా. "మీరు..." మొదటిసారి ఆమెను మీరు అన్నాడు.

ఆమె ఆయన వైపు చూడలేదు. ఒక వేలితో ఫోనును కొంచెం ముందుకు జరుపుకుంది.

"నాలుగోది చెప్పండి" అంది.